దురదకు సూది వేసే ముందు

(ఒంగోలులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక చర్మ వైద్యురాలు చేసిన ప్రసంగం, తర్వాతి ప్రశ్నలతో సహా. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరరూపం ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక వరుసల్లో మైకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

"దురదకి చైనా సూది వైద్యం పని చేస్తుందా చేయదా, అది చెప్పండి డాక్టరమ్మా" అని నన్ను పిలిచారు. జవాబు ముందే చెప్పేస్తాను. కొన్ని దురదలకి పని చేస్తుంది. కొన్నిటికి బొత్తిగా చేయదు. మీది ఏ రకం దురదో తేలకుండా సూదులు పొడిపించుకుంటే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి. అంటుకునే జబ్బయితే ఈలోపు ఇల్లంతా పాకుతుంది. నేను చర్మ వైద్యం చదువుకుని, ఆ తర్వాత ఆక్యుపంక్చర్, అంటే ఈ చైనా సూది వైద్యం, నేర్చుకున్నాను. రెండూ చేస్తాను. చైనా పాత వైద్యంలో సూది కన్నా నాకు ఎక్కువ నచ్చినవి, సూది చేతిలోకి తీసుకునే ముందు వాళ్లు అడిగే ప్రశ్నలు. ఈరోజు వాటి గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

దురద అంటే మనకి చులకన. మోకాలి నొప్పి అంటే ఇంట్లో వాళ్లు ఆటో మాట్లాడతారు. దురద అంటే "కాస్త కొబ్బరినూనె రాసుకో, పోద్ది" అంటారు. నలుగురిలో గోక్కోవడం నామోషీ అని పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేసిన ఆడవాళ్లు నా దగ్గరికి వస్తారు. అర్ధరాత్రి లేచి వరండాలో పచార్లు చేసే పెద్దవాళ్లు వస్తారు. "నొప్పన్నా ఓర్చుకోవచ్చు గానీ ఇది ఓర్చుకోలేం తల్లీ, రేత్రిళ్లు నిద్ర పట్టటంలా" అని పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. ఆరు వారాలు దాటిన దురదని వైద్యంలో దీర్ఘకాలిక దురద అంటారు. అది నిద్రని తినేస్తుంది. నిద్ర లేకపోతే చిరాకు, చిరాకుతో మళ్లీ గోకుడు.

మనిషి వచ్చి కూర్చోగానే నేను గోళ్లు చూస్తాను. నెలల తరబడి గోక్కుంటున్నవాళ్ల గోళ్లు పాలిష్ పట్టినట్టు నున్నగా మెరుస్తుంటాయి, అంచులు అరిగిపోయి ఉంటాయి. తర్వాత వీపు చూస్తాను. భుజాల మీదా నడుం దగ్గరా గీతలు, నల్ల మచ్చలు, చిన్న చిన్న పక్కులు ఉంటాయి. కానీ వీపు మధ్యలో, చెయ్యి అందని చోట, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో చర్మం శుభ్రంగా మిగిలి ఉంటుంది. అది కనపడిందా, ఆ మచ్చలన్నీ గోకుడు వల్ల వచ్చినవేనని, అసలు చర్మానికి జబ్బు లేదని అర్థం. దురద లోపలి నుంచి వస్తోంది. అప్పుడు నేను మందు రాయను, పరీక్షలు రాస్తాను. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, షుగర్, రక్తంలో ఐరన్, ఇవన్నీ చూడాలి. ఎప్పుడో ఒకసారి హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ కూడా మొదట దురదగానే బయటపడుతుంది. గోడకి వీపు రుద్దేవాళ్లలో, దువ్వెనతో గోక్కునేవాళ్లలో ఈ సీతాకోకచిలుక గుర్తు ఉండదు. అందుకని అదీ అడుగుతాను. కొందరు సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సిన పని లేదు, చెప్పండి.

ఇప్పుడు చైనా వైద్యుడి దగ్గరికి వెళ్దాం. వాళ్ల వైద్యానికి మూలగ్రంథం హువాంగ్‌డీ నైజింగ్. అది సుమారు 2,000 ఏళ్ల నాటిది. నొప్పి పెట్టే పుండ్లు, దురద పెట్టే పుండ్లు అన్నీ గుండెకి సంబంధించినవే అంటుందది. గుండె అంటే వాళ్ల లెక్కలో రక్తాన్ని నడిపేదీ, మనసుకి ఇల్లూ కూడా. టెన్షన్ పెరిగితే దురద పెరగడం, పడుకోగానే ఎక్కువవడం మన ఇళ్లల్లో రోజూ చూసేదే. దాన్ని వాళ్లు అప్పుడే గమనించి రాసిపెట్టారు.

దురదకి వాళ్లు చెప్పే మొదటి కారణం గాలి, చైనా భాషలో ఫెంగ్. ఉన్నట్టుండి రావడం, ఒకచోట నిలవకపోవడం, ఉన్నట్టుండి పోవడం గాలి లక్షణాలు. పొద్దున చేతి మీద లేచిన దద్దుర్లు మధ్యాహ్నానికి తొడ మీద ఉంటాయి, సాయంత్రం డాక్టరుకి చూపిద్దామంటే ఒక్కటీ ఉండదు. అది గాలి. అయితే ఈ గాలి ఒంటరిగా రాదంటారు. వేడితో కలిసి వస్తే ఎర్రటి దద్దుర్లు, ఎండలోకి వెళ్లినా దుప్పటి కప్పుకున్నా ఎక్కువవుతాయి. తేమతో కలిస్తే నీటిపొక్కులు, రసి కారడం, ఎక్కువగా నడుం కింది భాగంలో. పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. రక్తంలోనే వేడి చేరితే గోకిన చోటల్లా ఎర్రగా తేలి నెత్తురు చుక్కలు కనిపిస్తాయి. నాలుగోది ఇక్కడ కూర్చున్న చాలామందికి వర్తిస్తుంది. వయసు మీద పడి, రక్తం పలచబడి, చర్మం ఎండిపోతే ఆ ఎండుదనంలోంచే గాలి పుడుతుందంటారు. పిక్కల మీద పొలుసులు రాలడం, రాత్రిళ్లు దురద, నాలుక పాలిపోయి ఉండడం దాని గుర్తులు. గాలిని కుదర్చాలంటే ముందు రక్తాన్ని కుదర్చు, రక్తం సాగితే గాలి దానంతటదే అణుగుతుంది అని వాళ్లకో సూత్రం ఉంది.

మన ఊళ్లల్లో "రక్తం చెడింది, అందుకే దురదలు" అంటారు. "వేడి చేసింది" అంటారు. మా పెద్దమ్మ అయితే ప్రతి దురదకీ వేడే కారణమనేది. ఆ భాషకీ ఈ భాషకీ దూరం ఏమంత లేదు.

ఒంట్లో నిజంగా గాలి తిరుగుతోందా అంటే, నేను అలా చెప్పను. ఏ మైక్రోస్కోపులోనూ అది కనపడదు. కానీ ఈ లెక్క పట్టుకున్న వైద్యుడు రోగిని పది ప్రశ్నలు అడక్క తప్పదు. దురద తిరుగుతోందా, ఒకచోటే ఉందా? రాత్రా పగలా? వేన్నీళ్లు పోసుకుంటే హాయిగా ఉందా, ఎక్కువవుతోందా? చెమ్మగా ఉందా, పొడిగా ఉందా? నిద్ర ఎలా ఉంది? విరోచనం సాఫీగా అవుతోందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నాలుక చాపమంటాడు, రెండు చేతుల నాడీ పట్టుకుంటాడు. మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపే మాలాంటి వాళ్లం ఇవన్నీ అడుగుతున్నామా? అడగాలి.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న ప్రశ్న చూడండి. రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, బొడ్డు చుట్టూ, మగవాళ్లకైతే మర్మాంగాల దగ్గర. ఇంట్లో మనవడికీ ఉంది, కోడలికీ ఉంది. ఇది గజ్జి. కంటికి ఆనని చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దీనికి ఆక్యుపంక్చర్ దండగ. దీనికి కారణం పురుగని చైనా వాళ్లు ఎప్పుడో చెప్పారు. 610లో చావ్ యువాన్‌ఫాంగ్ అనే రాజవైద్యుడు జబ్బుల కారణాల మీద పెద్ద గ్రంథం తయారుచేశాడు. గజ్జి పొక్కుల్లో పురుగులుంటాయనీ, వాటిని సూది మొనతో బయటికి తీస్తారనీ అందులో ఉంది. 1,400 ఏళ్ల కిందటే! సూదిని అక్కడ వాడింది పురుగుని పట్టడానికి.

గజ్జికి మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా, ఒక్క అంగుళం వదలకుండా రాసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. ఇక్కడే అందరూ తప్పుతారు. మామగారికి రాస్తారు, అత్తగారు "నాకేం లేదు" అంటుంది. మూడు వారాలకి మళ్లీ మామగారికి మొదలవుతుంది. దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. మన ఒంగోలు ఎండకి ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, కంగారు పడి రోజూ మందు రాయకండి.

రెండోది తామర. గజ్జల్లో, నడుం చుట్టూ చీర కట్టు దగ్గర, గుండ్రటి అంచులతో. రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లకి కాళ్లవేళ్ల సందుల్లో. ఇది ఫంగస్. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు కోపం వస్తుంది, క్షమించాలి. మందుల షాపుకి వెళ్లి "తామరకి ట్యూబు ఇయ్యి" అంటే స్టెరాయిడు, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద మాయం. స్టెరాయిడు దురదని అణుస్తుంది, అదే సమయంలో ఆ చోట ఒంటి రక్షణని కూడా అణుస్తుంది కాబట్టి ఫంగస్ కింద హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపుగా లేస్తుంది. తొడల లోపల చర్మం పలచబడి, ప్రసవం తర్వాత పొట్ట మీద పడే చారల్లాంటివి ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి వస్తున్నాయి. ఆ చారలు పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడు పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. షాపుల్లో ఏం జరుగుతోందో మీకూ తెలుసు. మందులకి లొంగని కొత్త రకం తామర ఫంగస్‌కి శాస్త్రవేత్తలు మన దేశం పేరు కలిపి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అది మనకి గౌరవం కాదు.

మూడోది వయ్యారిభామ. రైలు కట్ట పక్కన, ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద తెల్లటి చిన్న పూలతో ఉంటుందే, అదే. దాని పొడి గాలిలో వచ్చి మొహం, మెడ, మోచేతి మడతల మీద పడుతుంది. పడనివాళ్లకి ఆ చోట చర్మం మందంగా నల్లబడుతుంది. ఆ మొక్క మధ్య తిరుగుతూ ఎన్ని సూదులు వేయించుకున్నా లాభం లేదు. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పీకేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఇంటికి రాగానే స్నానం చేయండి.

సరే, ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలేవి ఏమిటి? పిల్లప్పటి నుంచి ఉండే ఎగ్జిమా, పెద్దవయసు ఎండు దురద, కిడ్నీ జబ్బు వాళ్ల దురద, ఏళ్ల తరబడి వచ్చిపోయే దద్దుర్లు. సూదికి చోటు ఇక్కడ ఉంది.

సూది ఎలా వేస్తామో దగ్గరగా చూపిస్తాను. మీ కుడి చెయ్యి మోచేతి దగ్గర మడవండి, బొటనవేలు పైకి. అందరూ చేయండి. మోచేతి మడతలో ఒక గీత పడింది కదా, దాని బయటి చివర దగ్గర ఎడమ బొటనవేలితో నొక్కండి. ఎముకకి కొంచెం ఇవతల ఒక గుంట తగులుతుంది, నొక్కితే సన్నగా నొప్పి. దాని పేరు చ్యూచీ. ఒంట్లో వేడిని, గాలిని దించే బిందువని పాతకాలం నుంచి వాడుతున్నారు. రెండోది షువేహాయ్. మోకాలు మడిచి కూర్చున్నప్పుడు చిప్ప పై అంచు నుంచి రెండు బొటనవేళ్ల వెడల్పు పైకి, తొడ లోపలివైపు ఉబ్బెత్తు కండ మీద. రోగి బొటనవేలే కొలత, నా వేలు కాదు. ఇది రక్తానికి. ఎండు దురద వాళ్లకి ఈ రెండింటితో పాటు మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో జూసాన్‌లీ, లోపలి చీలమండకి నాలుగు వేళ్ల పైన సాన్‌యిన్‌జియావ్. నిద్ర పట్టనివాళ్లకి మణికట్టు మడతలో చిటికెనవేలి వైపు షెన్‌మెన్. ఇలాంటి బిందువులు ఒంటి మీద 361 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేసింది. దురదకి నేను వాడేవి అందులో ఒక గుప్పెడు, అంతే.

సూది స్టెయిన్‌లెస్ స్టీలు, పావు మిల్లీమీటరు మందం. ఇంజెక్షను సూదిలా బోలుగా ఉండదు, మందు ఏమీ ఎక్కించం. స్పిరిట్ దూదితో తుడిచి, సన్నటి గొట్టంలోంచి వేలితో ఒక్క తట్టు తడితే దిగుతుంది. చీమ కుట్టినంత కూడా తెలియదు చాలామందికి. తర్వాత మెల్లగా లోపలికి తిప్పుతుంటే ఒక చోట సూదిని కండ పట్టేసుకుంటుంది, నా వేళ్లకి తెలుస్తుంది. అదే క్షణంలో రోగి "ఆఁ, బరువుగా ఉందమ్మా, కింది దాకా జివ్వుమంది" అంటారు. ఆ అనుభూతి వస్తేనే సూది సరిగ్గా పడినట్టు అంటారు చైనా వాళ్లు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు అలా వదిలేస్తాం. సగం మంది గుర్రు పెడతారు. నెలల తరబడి నిద్ర లేని మనిషి ఆ బల్ల మీద నిద్రపోతుంటే లేపబుద్ధి కాదు.

ఇందులో నిజం ఎంత, నమ్మకం ఎంత? న్యాయమైన ప్రశ్న. జర్మనీలోని మ్యూనిక్‌లో ఎగ్జిమా ఉన్న 30 మంది మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. వాళ్లకి పడని పదార్థాన్ని చర్మం మీద పెట్టి దురద పుట్టించి, నిమిష నిమిషానికీ దురద ఎంతుందో నమోదు చేశారు. సరైన బిందువుల్లో, అంటే ఇందాక చెప్పిన చ్యూచీ, షువేహాయ్‌లలో సూది వేసినప్పుడు దురద తగ్గింది. ఉత్తుత్తి చోట్ల వేసినప్పుడు అంతగా తగ్గలేదు. 2005లో తైవాన్ వైద్యులు డయాలసిస్ మీద ఉండి, ఏ మందుకీ దురద లొంగని 40 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి చ్యూచీలో, ఇంకో గుంపుకి దాని పక్కనే 2 సెంటీమీటర్ల అవతల సూది వేశారు. వారానికి మూడుసార్లు, ఒక నెల. అసలు బిందువు గుంపులో దురద స్కోరు సగానికి పైగా పడిపోయింది, మూడు నెలల తర్వాత చూసినా అలాగే ఉంది.

ఇక అవతలి పక్క. 2023లో చైనాలోనే దీర్ఘకాలిక దద్దుర్లున్న 330 మంది మీద పెద్ద అధ్యయనం జరిగింది. నాలుగు వారాల్లో 16 సార్లు సూదులు వేశారు. ఉత్తుత్తి సూదుల కన్నా అసలు సూదులకి కాస్త ఎక్కువ తగ్గింది. కానీ ఆ తేడా రోగి జీవితంలో తెలిసేంత పెద్దది కాదని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. అందుకే దద్దుర్లకి నేను సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్ మాత్రలే మొదట ఇస్తాను. సూది వాటికి తోడు. మొదటి రెండు అధ్యయనాలు బాగున్నాయి, కానీ చిన్నవి. అది మరిచిపోయి "సూదితో సర్వరోగాలు మాయం" అని బోర్డు పెట్టేవాళ్లని నమ్మకండి.

పని చేసే చోట ఎందుకు పని చేస్తుందో కొంత తెలుసు. చాలాకాలం దురద అంటే చిన్నపాటి నొప్పే అనుకున్నారు. 2007లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జౌఫెంగ్ చెన్ బృందం, వెన్నుపాములో నొప్పితో పని లేకుండా దురదనే మోసే ప్రత్యేకమైన గ్రాహకాన్ని, అంటే సంకేతాన్ని అందుకునే తలుపు లాంటిదాన్ని, కనిపెట్టింది. అంటే దురదకి సొంత దారి ఉంది. ఆ దారిని తెరిచేవీ, మూసేవీ ఒంట్లోనే తయారవుతాయి. సిజేరియన్ అప్పుడు వెన్నులో మార్ఫిన్ అనే నొప్పి మందు ఇచ్చిన ఆడవాళ్లు ఒళ్లంతా దురద అంటారు. మార్ఫిన్ పనిచేసే తలుపు దురదని పెంచుతుంది, కప్పా అనే ఇంకో తలుపు దురదని అణుస్తుంది. ఆ కప్పా తలుపు మీద పనిచేసే నాల్ఫురాఫిన్ అనే మందుని జపాన్‌లో డయాలసిస్ దురదకే వాడుతున్నారు. సూదికి సన్నగా కరెంటు కలిపితే, వేగాన్ని బట్టి ఒంట్లో వేరువేరు రసాయనాలు విడుదలవుతాయని బీజింగ్‌లో హాన్ జీషెంగ్ చూపించారు. సెకనుకి 100 సార్ల వేగం దగ్గర వచ్చే డైనార్ఫిన్ అనే రసాయనం ఆ కప్పా తలుపు మీదే పనిచేస్తుంది. చైనా పాత వైద్యుడికి ఈ పేర్లు తెలియవు. బిందువు తెలుసు.

డయాలసిస్ మాట ఎందుకు ఇన్నిసార్లు ఎత్తుతున్నానంటే, మన కనిగిరి, పొదిలి, పామూరు వైపు కిడ్నీ జబ్బులతో ఎన్ని ఇళ్లు నలిగిపోతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల దురద మామూలు దద్దుర్లలోలా హిస్టమిన్ అనే రసాయనం వల్ల వచ్చేది కాదు కాబట్టి మామూలు దురద మాత్ర వాళ్లకి పెద్దగా పనిచేయదు, మత్తు మాత్రం వస్తుంది. ఫాస్ఫరస్ అదుపులో ఉందా, డయాలసిస్ సరిపడా జరుగుతోందా అన్నది ముందు చూడాలి. చర్మానికి తేమ పట్టించాలి. తక్కువ మోతాదులో గాబాపెంటిన్ అనే మందు పనికొస్తుంది, అది కిడ్నీ డాక్టరు చెప్పాలి. అవన్నీ అయ్యాకా దురద మిగిలితే వాళ్లకి సూది వేయడం నాకు చాలా ఇష్టమైన పని. ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ఉన్న చేతికి సూది వేయనివ్వకండి. రెండో చెయ్యి చాలు. సూది వేసే మనిషికి ఫిస్టులా అంటే ఏమిటో తెలియకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మన దేశానికి ఈ విద్య ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1938లో జపాన్ దాడి చేస్తున్నప్పుడు చైనాకి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. అందులో కోట్నిస్ గారు అక్కడే 1942లో చనిపోయారు. తిరిగి వచ్చినవాళ్లలో బిజయ్ కుమార్ బసు గారు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ దీనికి 1996లో చట్టం చేసింది. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని చికిత్సా పద్ధతిగా గుర్తించింది. కాబట్టి వేసే మనిషి ఏం చదివాడు, ఎక్కడ నేర్చుకున్నాడు అని అడిగే హక్కు మీకుంది. సూదుల ప్యాకెట్టు మీ కళ్ల ముందు చింపాలి, వాడాక డబ్బాలో పడేయాలి. ఒకరికి వాడిన సూదులు ఇంకొకరికి వాడి హెపటైటిస్ బి అంటించిన ఉదంతాలు ఇతర దేశాల్లో ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పండి. రసి కారే చోట, చీము పట్టిన చోట సూది గుచ్చకూడదు. వీపు పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది.

వినాయక చవితికి 21 పత్రుల్లో మొదట మాచిపత్రి వేస్తాం కదా. చైనా వాళ్లు ఆ జాతి మొక్క ఆకుల్ని ఎండబెట్టి, దూదిలా నలిపి, కాల్చి బిందువుల మీద వేడి చూపిస్తారు. చలికి వచ్చే నొప్పులకి మంచిదంటారు. వేడి రకం దురదకి మాత్రం వద్దు. ఇక ప్రశ్నలు అడగండి.

ఒక శ్రోత: దురదున్నప్పుడు చేపలు, వంకాయ, గోంగూర మానేయమంటారు. నెల్లూరోడికి చేపల పులుసు మానమంటే ఎట్టా మేడం?

మానక్కర్లేదండీ, మీకు చేప పడకపోవడం అనేది లేకపోతే. చైనా వాళ్లకి కూడా ఈ పథ్యం ఉంది. రొయ్యలు, పీతలు, వేటమాంసం, సారాయి గాలిని రేపుతాయని దురద ఉన్నన్నాళ్లూ మానమంటారు. సారాయి విషయంలో నేను వాళ్ల పక్షమే, చర్మం వేడెక్కి దురద పెరుగుతుంది. చేపలో చూసుకోవాల్సింది తాజాదనం. కానాగంతలు, వంజరం లాంటివి ఐసు లేకుండా గంటల తరబడి ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత మరిగించినా అది పోదు. తిన్న అరగంటకో గంటకో మొహం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. అది ఎలర్జీ అనుకుని జన్మంతా చేప మానేసినవాళ్లున్నారు. పులుసు రేపటికి రుచి అంటారు, నిజమే. కానీ చేప మాత్రం తాజాదై ఉండాలి. వంకాయ తిన్నప్పుడల్లా నోరు దురద పెడితే మానండి, లేకపోతే తినండి.

ఇంకొక శ్రోత: నాకు డెబ్బై రెండు. కాళ్లు పొలుసులు. ఎన్నిసార్లు సూదులు వేయించుకోవాలి?

ముందు రెండు వారాలు ఈ పని చేయండి. మరిగే నీళ్లు పోసుకోవడం ఆపండి, గోరువెచ్చనివి చాలు, పది నిమిషాలకి మించొద్దు. సబ్బు చంకలకి, గజ్జలకి మాత్రమే. సున్నిపిండి పెట్టి రుద్దడం వద్దు. ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో వాజలినో పట్టించండి, ఆలస్యమైతే లాభం సగమే. చాలామందికి దీంతోనే నిద్ర పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే రండి, రక్త పరీక్షలు చేసి, వారానికి రెండుసార్ల చొప్పున సూది వేద్దాం. ఆరు సిట్టింగులకి ఏ మార్పూ లేకపోతే నేనే ఆపేస్తాను, పన్నెండు చేయించుకోమని చెప్పను. ఇంట్లో ఉన్నప్పుడు దురద లేస్తే గోకకుండా, చ్యూచీని బొటనవేలితో నిమిషం పాటు నొక్కి పట్టండి. తడిగుడ్డ వేసినా చల్లబడుతుంది.

ఒక మహిళ: మా అమ్మాయికి ఎనిమిదో నెల డాక్టరమ్మా. ఒంటి మీద ఏమీ లేదు గానీ అరచేతులు, అరికాళ్లు రేత్రిళ్లు ఒకటే దురదంట. మందులు వాడకూడదు కదా, సూది వేయించమంటారా?

వద్దమ్మా. గర్భిణులకి సాన్‌యిన్‌జియావ్ లాంటి బిందువుల్లో సూది వేయకూడదని చైనా వైద్యమే చెబుతుంది. అది పక్కన పెట్టండి, అసలు సంగతి వేరే ఉంది. ఒంటి మీద పొక్కులు లేకుండా, చివరి నెలల్లో, అరచేతుల్లో అరికాళ్లలో దురద అంటే కాలేయంలో పైత్యరసం సాఫీగా పారకపోవడం వల్ల కావచ్చు. తల్లికి దురదే, బిడ్డకి మాత్రం ప్రమాదం ఉంటుంది. పైత్యరస ఆమ్లాలు, కాలేయం పరీక్ష, రెండూ రక్తంలో చూడాలి. ఎక్కువగా ఉంటే మాత్రలున్నాయి, కాన్పు ఎప్పుడు చేయాలో ముందే నిర్ణయించుకుంటారు. అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది? చీమకుర్తిలోనా? బిడ్డ కదలికలు బాగానే ఉన్నాయా కనుక్కోండి. భోజనాల దాకా ఆగకండి, బయటికి వెళ్లి ఇప్పుడే ఫోన్ చేసి, ఈరోజే కాన్పుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అల్లుడుగారికి చెప్పండి.